పాతికేళ్లు మూర్ఛ మాత్రలు వేసుకున్నాక కాలేయ పరీక్ష: నా అనుభవం

2024 జూన్ 24న నల్లగొండలో నేను రక్తం ఇచ్చింది కాలేయం కోసం కాదు, నడుము నొప్పి కోసం. అప్పటికి మూడు నెలలుగా తరగతిలో ఎక్కువసేపు నిలబడితే నడుము, తుంటి లాగుతుండేవి. వేసవి సెలవుల్లో తగ్గుతుందనుకున్న నొప్పి తగ్గకపోగా, బడి తెరిచేసరికి మెట్లెక్కడమే కష్టమైంది. ఎముకల డాక్టరు క్యాల్షియం, విటమిన్ డి పరీక్షలు రాస్తూ, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగారు. మూర్ఛ మాత్రలు పాతికేళ్లుగా వాడుతున్నానని చెప్పగానే, చీటీ చివర కాలేయ పరీక్ష, జీజీటీ (కాలేయానికి సంబంధించిన ఒక ఎంజైము పరీక్ష) అని మరో రెండు పేర్లు చేర్చారు. మొత్తం 2,350 రూపాయలు అయింది. విటమిన్ డి ఫలితం రావడానికి మూడు రోజులు పడుతుందని, మిగతావి మర్నాడు సాయంత్రమే ఇస్తామని ల్యాబులో చెప్పారు.

నాకు మూర్ఛ 1999లో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగా మొదలైంది. అప్పటినుంచి ఫెనిటాయిన్ రోజుకు 300 మిల్లీగ్రాములు వాడుతున్నాను. పాప పుట్టిన రెండేళ్లకు, 2013లో, మళ్లీ మూర్ఛలు రావడంతో సోడియం వాల్‌ప్రోయేట్ రోజుకు 1,000 మిల్లీగ్రాములు తోడైంది. చివరిసారి మూర్ఛ వచ్చింది 2017లో. ఆ తర్వాత ఏడేళ్లు ఏ ఇబ్బందీ లేకపోవడంతో, డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా మానేసి, పాత చీటీతోనే మందుల షాపులో మాత్రలు తెచ్చుకుంటూ వచ్చాను. ఆ ఏడేళ్లలో ఒక్కసారి కూడా రక్త పరీక్ష చేయించుకోలేదు. అది నా తప్పే.

మర్నాడు సాయంత్రం చేతికొచ్చిన కాగితంలో మూడు అంకెలు లావు అక్షరాల్లో ఉన్నాయి. కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 58, ల్యాబు వేసిన పరిమితి 40. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే మరో ఎంజైము 214, పరిమితి 120. జీజీటీ 168, పరిమితి 40. కౌంటరు దగ్గరి అబ్బాయి కాగితం ఇస్తూనే "లివర్ డాక్టరుకు చూపించుకోండి మేడం" అన్నాడు. మామూలు అక్షరాల్లో ఉన్న, కామెర్లొస్తే పెరిగే బిలిరుబిన్ 0.6ను, కాలేయం తయారుచేసే ప్రొటీన్ ఆల్బుమిన్ 4.1ను నేను చదవనే లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా మేనమామ కాలేయం పాడై కడుపులో నీరు చేరి ఎలా పోయారో పదేపదే గుర్తుకొచ్చింది. ఇన్నేళ్లుగా నన్ను నిలబెట్టిన మాత్రలే లోపల నన్ను తినేస్తున్నాయన్న ఆలోచన ఒకసారి మొదలయ్యాక ఇక ఆగలేదు.

ఎముకల డాక్టరు ఊళ్లో లేరు, జూలై 1 తర్వాత రమ్మన్నారు. అంతవరకు ఆగలేక జూన్ 27న, మా వీధిలో అందరం జ్వరాలకు వెళ్లే ఒక వైద్యుడికి రిపోర్టు చూపించాను. "పాతికేండ్ల సంది ఈ గోలీలు మింగుతుంటే లివర్ ఖరాబ్ గాక ఏమైతది మేడం, మెల్లగా తగ్గించుకోండ్రి" అని, కాలేయానికి బలమంటూ ఒక టానిక్ ఇచ్చాడు. నేను వినాలనుకున్న మాటనే ఆయన చెప్పాడు కాబట్టి, ఇంకెవర్నీ అడగకుండా ఆ రాత్రి నుంచే మూడు ఫెనిటాయిన్ మాత్రల్లో ఒకటి మానేశాను. మా వారు ఉద్యోగరీత్యా సూర్యాపేటలో ఉంటారు. ఫోనులో ఆయనకు కూడా చెప్పలేదు.

జూలై 3 తెల్లవారుజామున, నల్లా నీళ్లు వచ్చే వేళకు లేచి మోటారు వేయడానికి వెళ్లడం వరకే నాకు గుర్తుంది. కళ్లు తెరిచేసరికి పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉన్నాను. నోట్లో రక్తం రుచి, ఎడమ భుజంలో నొప్పి, ఎదురుగా మా పాప ముఖం. దానికప్పుడు పదమూడేళ్లు. అది పుట్టాక నాకు మూర్ఛలు వచ్చినా, ఊహ తెలిశాక చూడడం అదే మొదటిసారి. శబ్దం విని వచ్చిన పక్కింటి పెద్దమ్మ తాళాల గుత్తి నా చేతిలో పెట్టబోతే, "తాళాలు వద్దు పెద్దమ్మా, అమ్మను పక్కకు తిప్పుదాం పట్టు" అన్నదట. గోడ గడియారం చూసి రెండు నిమిషాలు దాటలేదని లెక్కపెట్టిందట. ఎప్పుడో ఒకసారి నేను చెప్పిన మాటలను అంత జాగ్రత్తగా దాచుకుందని నాకు తెలియదు. దాని చేతులు వణకడం మాత్రం మధ్యాహ్నం దాకా ఆగలేదు. అన్నం కలిపి పెడితే తినలేకపోయింది. ఆ రోజు నన్ను ఎక్కువ బాధపెట్టింది భుజం నొప్పి కాదు.

జూలై 5న మా వారితో హైదరాబాద్ బయలుదేరాను. ఎల్బీ నగర్ దగ్గర్లో ఉండే మా తమ్ముడు నరాల డాక్టరు దగ్గర ముందే పేరు రాయించాడు. ఎక్స్‌ప్రెస్ బస్సులో మహాలక్ష్మి పథకం కింద నాది జీరో టికెట్. ఆ తర్వాత తొమ్మిది నెలల్లో ఆరుసార్లు తిరగవలసి వచ్చింది కనుక అది నాకు చిన్న సాయమేమీ కాదు. డాక్టరు ఫీజు 800 రూపాయలు, టోకెన్ 31, లోపలికి పిలిచేసరికి నాలుగు గంటలు దాటింది. ఎదురుచూసినంతసేపూ తిడతారనే భయపడ్డాను. ఆమె తిట్టలేదు. మాత్ర ఏ రాత్రి మానేశారు, ఏ తెల్లవారు మూర్ఛ వచ్చింది అని రెండు తేదీలు రాసుకుని, మధ్యలో 6 అని వేసి నాకు చూపించారు. "మీ ప్రాణానికి ముప్పు తెచ్చింది కాలేయం కాదమ్మా, ఈ ఆరు రాత్రులు" అన్నారు.

ఆ తర్వాత వరుసగా ప్రశ్నలు వేశారు. నొప్పి మాత్రలు ఎన్ని వేసుకుంటున్నారు, క్షయ మందులు ఎప్పుడైనా వాడారా, కామెర్లకు పసరు తాగారా, ఆకు మందులేమైనా తీసుకుంటున్నారా అని అడిగారు. కల్లు తాగుతారా అని కూడా అడిగారు. పండుగనాడు రెండు గుక్కలు తప్ప అలవాటు లేదని చెప్పాను. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు నుంచి వచ్చేవాళ్లందరినీ ఈ ప్రశ్న అడుగుతానని, కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం వంటి మత్తు మందులు కలుపుతారని, రోజూ తాగేవాళ్లకు అది ఒక్కసారిగా ఆగిపోతే ఎన్నడూ మూర్ఛ లేనివాళ్లకు సైతం వస్తుందని చెప్పారు. 2015లో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు మన జిల్లాల వాళ్లు వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో ఆస్పత్రుల్లో చేరిన సంగతి నేను పత్రికల్లో చదివిందే. అయితే మూర్ఛ మందులు వాడే మనిషికి దానితో ఇంత సంబంధం ఉందని మాత్రం అప్పుడు తోచలేదు.

రిపోర్టులో లావుగా లేని అంకెలను ఆమె ముందు చదివారు. కాలేయం చేయవలసిన పని తగ్గితే బిలిరుబిన్ పెరగాలి, ఆల్బుమిన్ పడిపోవాలి, రక్తం గడ్డకట్టే సమయం పెరగాలి. మొదటి రెండూ బాగున్నాయి, మూడోది ఆ రోజే చేయించారు, అదీ బాగానే వచ్చింది. ఫెనిటాయిన్ కాలేయం చేత కొన్ని ఎంజైములను మామూలు కన్నా ఎక్కువగా తయారు చేయిస్తుందట. జీజీటీ పెరగడం ఆ పనికి గుర్తే తప్ప కాలేయ కణాలు చచ్చిపోతున్నాయని కాదట. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో చాలామందికి ఇది ఉంటుందట. ఎస్‌జీపీటీ 58 అనేది పట్టించుకోవలసిన అంకే గానీ, మందు ఆపవలసినంత అంకె కాదని, పరిమితికి మూడు రెట్లు దాటినా, కళ్లు పచ్చబడినా, వాంతులు, విపరీతమైన మగత, ఆకలి లేకపోవడం కనిపించినా మాత్రం అదే రోజు రావాలని చెప్పారు. వాల్‌ప్రోయేట్ వల్ల కాలేయం తీవ్రంగా దెబ్బతినడం అరుదని, అది కూడా ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో, అందులోనూ రెండేళ్ల లోపు పిల్లల్లో జరుగుతుందని అన్నారు.

ఇక మిగిలింది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. అది కాలేయం నుంచీ రావచ్చు, ఎముకల నుంచీ రావచ్చు. ఎక్కడిదో తేల్చుకోవడానికి మామూలుగా జీజీటీని చూస్తారు. అదీ పెరిగితే కాలేయమని, పెరగకపోతే ఎముకలని అనుకుంటారు. నా విషయంలో ఆ సాక్షిని ఫెనిటాయిన్ ముందే తన వైపు తిప్పుకుంది కనుక దాని మాట నమ్మడానికి లేదు. అప్పుడే మాది ఏ ఊరని అడిగారు. పుట్టింది ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడ్డ మర్రిగూడ మండలంలోనని చెప్పగానే ఆమె తల ఎత్తి నా చేతుల వైపు చూశారు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చేదాకా మా ఇంట్లో బోరు నీళ్లే తాగాం. ఫ్లోరైడ్ వల్ల కూడా ఎముకలు నొప్పి పుట్టవచ్చు, ఈ అంకె పెరగవచ్చు కాబట్టి ముంజేతికి, తుంటికి ఎక్స్‌రే రాశారు. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడిందేమో చూస్తారట. మా ఊళ్లో నడుము వంగిన వాళ్లను చూస్తూ పెరిగిన నాకు, ఆ ఎక్స్‌రే గది బయట గడిపిన అరగంట కాలేయం గురించిన భయం కన్నా బరువుగా అనిపించింది. ఫ్లోరోసిస్ జాడలు లేవని చెప్పారు. ఇంతలో నల్లగొండ ల్యాబు నుంచి మా వారి ఫోనుకు, ఆలస్యమైన విటమిన్ డి ఫలితం వచ్చింది. 30 ఉండవలసిన చోట 9 ఉంది.

అక్కడ అన్నీ ఒక తాడు మీదికి వచ్చాయి. ఫెనిటాయిన్ పెంచిన ఆ ఎంజైములే విటమిన్ డిని కూడా తొందరగా కరగదీసి బయటికి పంపేస్తాయట. కాలేయం పాడవలేదు, పాతికేళ్లుగా అది అదనపు పని చేస్తూ వచ్చింది, ఆ ఖర్చు ఎముకల మీద పడింది. మూడు మాత్రలు మళ్లీ పూర్తిగా వేసుకోమని, వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు 60,000 యూనిట్ల విటమిన్ డి తీసుకోమని, టానిక్ ఆపేయమని రాశారు.

రక్తంలో ఫెనిటాయిన్ ఎంత ఉందో కూడా చూడాలన్నారు. ఉదయం మాత్రలు వేసుకుని వచ్చానని చెబితే, అయితే ఈ రోజు పనికిరాదని, మర్నాడు ఉదయపు మాత్రలకు ముందే రక్తం ఇవ్వాలని చెప్పారు. ఇది ముందే తెలిసి ఉంటే తమ్ముడి ఇంట్లో ఆ రాత్రి ఉండవలసిన పని లేకపోయేది. 10 నుంచి 20 మధ్య ఉండవలసింది, ఆ రాత్రి పూర్తి మోతాదు వేసుకున్నాక కూడా 7 దగ్గరే ఉంది.

అమ్మోనియా పరీక్ష ఇంకా పెద్ద పాఠం. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లలో మిగతా కాలేయ పరీక్షలు బాగున్నా రక్తంలో అమ్మోనియా పెరిగి మగత, మందకొడితనం రావచ్చని, నాకు మధ్యాహ్నం పాఠాల్లో కునుకు ముంచుకొస్తోందని చెప్పినందున అదీ రాశారు. జూలై 9న నల్లగొండలోనే ఇచ్చాను. సూది గుచ్చేముందు చేతికి పట్టీ గట్టిగా బిగించి పిడికిలి పదిసార్లు ముడిపించారు. నమూనా మామూలు డబ్బాలో హైదరాబాద్ వెళ్లింది. ఫలితం పరిమితికి రెట్టింపు వచ్చింది. ఫోనులో అడిగితే, మంచు మీద పెట్టి వెంటనే పరీక్షించకపోయినా, పిడికిలి బిగించినా, నిజంగా అమ్మోనియా పెరగకపోయినా ఆ అంకె ఎక్కువగా వస్తుందని చెప్పి డాక్టరు మళ్లీ చేయించమన్నారు. జూలై 18న హైదరాబాద్‌లో మంచు గిన్నెలో గొట్టం పెట్టి తీసుకున్నారు. పరిమితి లోపలే వచ్చింది. మధ్యలో గడిచిన తొమ్మిది రోజుల దిగులుకు, రెండుసార్లు కట్టిన 1,100 రూపాయలకు కారణం ఒక గుప్పెడు మంచు గడ్డలు లేకపోవడమే.

అదే రోజు కాలేయ డాక్టరును కూడా కలిశాను. హెపటైటిస్ బి, సి లేవు. స్కానింగులో కాలేయంలో కొద్దిగా కొవ్వు ఉందని తేలింది. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ 3,000 రూపాయలు, మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, పది నిమిషాల్లో అయిపోతుంది, పక్కటెముకల మధ్య వేలితో తట్టినట్టు ఉంటుంది తప్ప నొప్పి లేదు. గట్టిదనం 5.6 కిలోపాస్కల్ వచ్చింది. మచ్చలు పడలేదని దాని అర్థం. వాల్‌ప్రోయేట్ మొదలయ్యాక నేను పదకొండు కిలోలు పెరిగాను. కొవ్వుకు ఆ బరువు ఒక కారణం కావచ్చన్నారు. ఆకు మందుల గురించి ఆయన మళ్లీ అడిగారు. నరాల డాక్టరు అడిగినప్పుడు లేవని చెప్పిన నేను, అప్పుడు గానీ తిప్పతీగ రసం సంగతి చెప్పలేదు. కరోనా రోజుల్లో మా అత్తయ్య మొదలుపెట్టించారు. పెరటి వేపచెట్టుకు పాకిన తీగ కాబట్టి నాకది ఎన్నడూ మందు అనిపించలేదు. నాలుగేళ్లుగా వారానికి నాలుగు రోజులైనా తాగుతున్నాను. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021 నుంచి మన దేశపు కాలేయ వైద్యులే ప్రచురించారని చెప్పి, వెంటనే మానేయమన్నారు. మా అత్తయ్యకు ఈ మాట ఎలా చెప్పాలా అని బస్సులో వచ్చినంతసేపూ ఆలోచించాను. చెబితే ఆమె ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున గ్లాసులో రాగి జావ పెట్టారు.

సెప్టెంబరు 2న ప్రభుత్వ ఆస్పత్రిలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద కాలేయ పరీక్ష ఉచితంగా చేయించి, జీజీటీ మాత్రం బయట 350 రూపాయలకు చేయించాను. ఎస్‌జీపీటీ 36కు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 149కి దిగాయి. జీజీటీ 161 దగ్గరే నిలిచింది. ఎస్‌జీపీటీ తగ్గడం తిప్పతీగ మానినందుకో, నేను తగ్గించుకున్న మూడు కిలోలకో కచ్చితంగా చెప్పలేమన్నారు. జీజీటీ కదలకపోవడం చూసి మాత్రం నాకు ఈసారి భయం వేయలేదు. అది ఫెనిటాయిన్ సంతకమని అప్పటికి అర్థమైంది.

ఎముకల కోసం ఫెనిటాయిన్‌ను మార్చడమే మంచిదని సెప్టెంబరు 6న నిర్ణయించారు. దాని స్థానంలో రాసిన లెవెటిరాసిటామ్ అనే మూర్ఛ మందు ఎక్కువ భాగం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది, కాలేయానికి పెద్దగా పని పెట్టదు. ముందు కొత్త మందు పూర్తి మోతాదుకు వచ్చాక, అక్టోబరు 1 నుంచి రెండు వారాలకు 50 మిల్లీగ్రాముల చొప్పున పాతది తగ్గించాలి. మూడు మందుల షాపులు తిరిగితే గానీ 50 మిల్లీగ్రాముల మాత్రలు దొరకలేదు. నెలకు 240 రూపాయలయ్యే ఫెనిటాయిన్ స్థానంలో 900 రూపాయల మందు వచ్చింది. మధ్యలో కంపెనీ మార్చవద్దని కూడా చెప్పారు.

కొత్త మందుతో కోపం రావచ్చని చెప్పారు గానీ, అది కోపంలా రాదని, నాకే న్యాయం ఉన్నట్టుగా వస్తుందని నేనూహించలేదు. సద్దుల బతుకమ్మ నాడు తంగేడు పూలు తక్కువ తెచ్చిందని పాప మీద అరిచిన అరుపు వీధి చివరి దాకా వినిపించింది. జూలైలో నన్ను పక్కకు తిప్పి పట్టుకున్న పిల్ల అది. రాత్రి మందు సంగతి దానికి వివరంగా చెప్పాను. "నాకు తెలుసు అమ్మా, చీటీ చదివిన" అన్నది. ఆ చిరాకు తగ్గడానికి ఆరు వారాలు పట్టింది.

నవంబరు చివర చేతులు వణకసాగాయి. నల్లబల్ల మీద రాస్తుంటే అక్షరాలు అలల్లా వచ్చేవి. మళ్లీ మూర్ఛకు ముందు సూచనేమోనని నవంబరు 30న పరుగెత్తాను. ఫెనిటాయిన్ ఉన్నన్నాళ్లూ అది పెంచిన ఎంజైములు వాల్‌ప్రోయేట్‌ను కూడా తొందరగా ఖర్చు చేసేవట. అది తగ్గేకొద్దీ, అదే మోతాదు మాత్రలతోనే రక్తంలో వాల్‌ప్రోయేట్ పెరిగింది. 800 రూపాయల రక్త పరీక్షలో అదే తేలింది. 200 మిల్లీగ్రాములు తగ్గించాక పది రోజుల్లో వణుకు ఆగింది. ఒక మందు తీసేయడమంటే మిగిలిన మందును కూడా మార్చడమేనని నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ వారం అంత నలిగిపోయేదాన్ని కాదు.

డిసెంబరు 10న ఫెనిటాయిన్ పూర్తిగా ఆగింది. ఆ రాత్రి, ఆ తర్వాతి వారమంతా పాప నా పక్కనే పడుకుంది. బడిలో అప్పటికి అందరికీ తెలిసిపోయింది. పాతికేళ్లుగా నేను దాచిన సంగతిని మా ప్రధానోపాధ్యాయురాలు ఒక్క ప్రశ్నతో తేల్చేశారు. మూర్ఛ వస్తే మేం ఏం చేయాలో కాగితం మీద రాసివ్వండి అన్నారు. ఆ కాగితం ఇప్పుడు స్టాఫ్ రూంలో బీరువా తలుపు లోపలి వైపు ఉంది.

2025 మార్చి 17న మళ్లీ అన్ని పరీక్షలూ చేయించాను. ఎస్‌జీపీటీ 31, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 104, విటమిన్ డి 34. జీజీటీ 52కు దిగింది, ఇంకా కొద్దిగా పైనే ఉంది. మూర్ఛ మళ్లీ రాలేదు. నడుము నొప్పి మెట్లెక్కేటప్పుడు మాత్రం అప్పుడప్పుడు ఉంది. మందులు కాక పరీక్షలకు, ఫీజులకు తొమ్మిది నెలల్లో 23 వేలకు దగ్గరగా ఖర్చయింది. తర్వాతి పరీక్ష 2025 సెప్టెంబరు 22న అన్నారు. వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ పాప ఎర్ర సున్నా చుట్టి, కింద "పొద్దుటి గోలీ రక్తం ఇచ్చినంకనే" అని రాసిపెట్టింది.